డెక్క తీసే ముందు మోరీ సంగతి చూడండి

బిడ్డా,

మన వాగులో గుర్రపుడెక్క తీయడానికి మీరంతా ఆదివారం దిగుతున్నారని విని మనసు నిండింది. కానీ ఈ ఆదివారం దిగకండి. ముందు మోరీల సంగతి చూడండి. మురుగులోని నత్రజని, భాస్వరం తిని పెరిగే మొక్క అది. మురుగు వస్తున్నంతకాలం డెక్క వస్తూనే ఉంటుంది. తీసిందంతా నెలల్లోనే మళ్లీ కమ్ముకుంటే, రెండోసారి పిలిచినప్పుడు సగం మంది కూడా రారు.

పంజాబ్‌లో కాళీ బేయిన్ అని 160 కిలోమీటర్ల ఏరు ఉంది. గురునానక్‌కు జ్ఞానోదయమైన చోటని సిక్కులకు ఎంతో పవిత్రం. అయినా మురికికాలువ అయిపోయింది. 2000లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ పిలుపుతో జనం సేవగా దిగి చేతులతోనే డెక్క లాగారు, ఒడ్లు కట్టారు. అక్కడ కూడా కష్టమైంది పట్టణాల మురుగును ఆపించడమే. ఏరు బాగుపడ్డాక కూడా మురుగు కలిసి చేపలు చచ్చిన సందర్భాలున్నాయి. ఆయన తన ఊళ్లో మురుగుని వరుసగా బావుల్లో తేర్చి, చెరువులో నిలిపి, పొలాలకు పారించారు. మన ఊరికి సరిపోయే పద్ధతి అదే. కాకపోతే ఫ్యాక్టరీ నీళ్లు కలిసే మోరీకి అది పనికిరాదు.

అందుకని ముందు ఒడ్డు వెంట నడవండి. బట్టలు ఉతికేవాళ్లను, బర్లు కాసేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను వెంట పెట్టుకోండి. ఏ పైపు రాత్రిపూటే వదులుతారో, ఏ మడుగులో చేపలు తేలాయో వాళ్లకే తెలుసు. వాళ్లను కూలికి పిలిచినట్టు పిలవకు, కమిటీలో కూర్చోబెట్టు. ప్రతి మోరీకీ ఫొటో, తేదీ ఉండాలి. పరీక్షకు నీళ్లు తెల్లవారకముందే పట్టండి. మధ్యాహ్నం పడితే ఎండకు నాచు వదిలే ఆక్సిజన్ వల్ల వాగు ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. స్నానానికి పనికొచ్చే నీళ్లలో బీఓడీ, అంటే మురికి కుళ్లేటప్పుడు ఖర్చయ్యే ఆక్సిజన్ లెక్క, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు, కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ఈ రిపోర్టు చేతిలో ఉంటే గ్రామసభలోనైనా కాలుష్య నియంత్రణ మండలి దగ్గరైనా మన మాటకు బలం ఉంటుంది.

మోరీలు దారికొచ్చాక డెక్క పట్టండి, అదీ పూత రాకముందే. గింజ బురదలో పడితే ఏళ్లకేళ్లు బతికే ఉంటుంది. తీసింది ఒడ్డునే కుప్ప పోస్తే మొదటి వానకే మళ్లీ వాగులో కలుస్తుంది, దూరంగా తోలించండి. రసాయనాల నీళ్లలో పెరిగిన డెక్కలో సీసం లాంటివి చేరతాయి, దాన్ని ఎరువు చేసి కూరగాయలకు వేయొద్దు.

జేసీబీ ఉచితంగా పంపిస్తామని ఎవరైనా వస్తే నాకు భయం. పూడిక పేరుతో ఇసుక పోతుంది, మడుగులు చదునైపోతాయి, ఎండాకాలం చేపకు దాక్కునే చోటుండదు. తప్పనిసరైతే ఎక్కడ ఎంత లోతు తవ్వాలో గ్రామసభ తీర్మానంలో రాయించి, తవ్వేటప్పుడు పక్కనే ఒక మనిషిని నిలబెట్టండి.

సర్కారు తుమ్మ తీసిన చోట ఒడ్డు కోసుకుపోకుండా వట్టివేరు, పైన ఏరుమద్ది, కానుగ, నేరేడు పెట్టండి. మృగశిర కార్తెలో వానలు పడ్డాక పెడితే నిలుస్తాయి. రెండు ఎండాకాలాలు నీళ్లు పోసేది ఎవరో ఇప్పుడే పేర్లు రాసుకోండి.

ఈ వారం గ్రామ నక్షా నకలు కోసం తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టు. హద్దులు తేలకుండా మొక్క నాటితే పక్క పొలం వాళ్లతో తగాదా తప్పదు. సర్వేయర్ వచ్చే రోజు ముందుగా చెప్పు, నేనూ వస్తాను. పాత గట్టు రాళ్లు ఎక్కడున్నాయో చూపిస్తాను.

మీ పెదనాన్న