పార్కుల బడ్జెట్ లెక్క వేసే ఉద్యోగం కావాలంటోంది మా అమ్మాయి. ఏం చదివించాలి?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం. రోజూ సాయంత్రం వాళ్ల నానమ్మను పార్కుకు తీసుకెళ్తుంది. కొత్తగా వేసిన వాకింగ్ ట్రాక్ మీద అప్పుడే గడ్డి మొలిచింది. టాయిలెట్‌కు తాళం వేసి ఉంటుంది. గేటు ముందు బండ్లు అడ్డదిడ్డంగా పెడతారు. "ఎంతమంది మాలీలు కావాలో, పార్కింగ్‌కు ఎంత తీసుకోవాలో ఎవరు లెక్క వేస్తారు నాన్నా? నాకు ఆ పని కావాలి" అంటోంది. నేనేమో సీఏ చదివిద్దామనుకున్నాను. అసలు అలాంటి ఉద్యోగం ఉందా?

జవాబు: ఉందండి. కాకపోతే ఆ పేరుతో విడిగా ఒక పోస్టు ఉండదు. పార్కులు, ఆటస్థలాలు, పార్కింగ్ స్థలాలు రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల కింద ఉన్నాయి. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణతో చేర్చిన జాబితా అది. మున్సిపాలిటీలో కమిషనర్ కింద అకౌంట్స్, ఇంజినీరింగ్, టౌన్ ప్లానింగ్ సెక్షన్ల వాళ్లు అంచనాలు తయారుచేస్తారు, కౌన్సిల్ చర్చించి ఆమోదిస్తుంది. మీ అమ్మాయి వీటిలో ఏ సెక్షన్ ద్వారా లోపలికి వెళ్లాలన్నదే మనం తేల్చాలి.

ముందు ఆమె చూసిన గడ్డి సంగతి చెప్తాను. ట్రాక్ వేయడం, గేటు పెట్టడం ఒకసారి పెట్టే ఖర్చు. దాన్ని మూలధన వ్యయం అంటారు, గ్రాంటు వస్తే పని అయిపోతుంది. మాలీ జీతం అలా కాదు, ఏటా ఇవ్వాల్సిందే. లెక్క కోసం ఒక పార్కుకు నలుగురు మనుషులు, ఒక్కొక్కరికి నెలకు 16 వేలు అనుకుందాం. సంవత్సరానికి 7,68,000 అవుతుంది. గేటు దగ్గర బండికి 10 రూపాయల చొప్పున రోజూ 50 బండ్లకు వసూలు చేసినా వచ్చేది 1,82,500. మిగతాది ఆస్తి పన్నులోంచో మరో పద్దులోంచో రావాలి. ఈ తేడా ముందే చూసుకోకుండా పార్కు కడితే, ప్రారంభోత్సవం నాటి పూలమొక్కలు ఎండాకాలం దాటవు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంటోంది. ఆ డబ్బు మొక్కలు నాటడానికి ఎంత, నాటినవాటిని బతికించే మనుషులకు ఎంత అని అడగగలిగే వాళ్లు మనకు చాలా అవసరం. మీ అమ్మాయి ఇప్పటికే ఆ దారిలో ఆలోచిస్తోంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక చదువు. చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఒకటుంది. జేఈఈ అంటే ఎంపీసీ వాళ్లదే అనుకుంటాం. కానీ బీ-ప్లానింగ్ (పట్టణాల ప్రణాళిక నేర్పే డిగ్రీ) కోసం రాసే జేఈఈ మెయిన్ పేపర్ 2బీకి ఇంటర్‌లో మ్యాథ్స్ ఉంటే చాలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ అక్కర్లేదు. అంటే ఎంఈసీ అమ్మాయి నిక్షేపంగా రాయొచ్చు. అందులో మ్యాథ్స్, ఆప్టిట్యూడ్, ప్లానింగ్‌కు సంబంధించిన ప్రశ్నలు ఉంటాయి. నాలుగేళ్ల కోర్సు. మనకు దగ్గర్లో విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, 2008లో పెట్టిన కేంద్ర సంస్థ. నా ఓటు ఈ కోర్సుకే.

సీటు రాకపోతే టెన్షన్ పడకండి. బీకామ్ కూడా మంచి దారే. 2022 చివర్లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పట్టణ సంస్థల కోసం 78 అకౌంట్స్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, ఎక్కువ భాగం సీనియర్ అకౌంటెంట్లు. అదే ఏడాది టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులు 175 వచ్చాయి, కానీ అవి బీకామ్ వాళ్లకు కాదు. ఏ డిగ్రీ చేసినా గ్రూప్-2 రాసి మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3 కావచ్చు. అయితే నోటిఫికేషన్లు ఏటా రావు. వాటి కోసమే ఇంట్లో కూర్చుని నాలుగైదేళ్లు పోగొట్టుకున్న పిల్లలను చూశాను, నాకు బాధేస్తుంది. డిగ్రీ అయ్యాక ప్లానింగ్ కన్సల్టెన్సీలోనో ఆడిట్ ఆఫీసులోనో పని చేస్తూ ప్రిపేర్ కమ్మనండి.

సీఏ వద్దని నేను అనను. బ్యాలెన్స్ షీట్ చదవగలిగిన మనిషికి మున్సిపాలిటీ లెక్కలు తేలిగ్గా అర్థమవుతాయి. కాకపోతే అది మీ కోరిక. ఆమె అడిగింది వేరే.

ఈ వారం ఒక పని చేయించండి. నానమ్మతో వెళ్లినప్పుడు ఒక నోటుబుక్ తీసుకెళ్లమనండి. సాయంత్రం 5 నుంచి 7 దాకా గేటు ముందు ఎన్ని బండ్లు ఆగాయి, లోపల ఎంతమంది పని చేస్తున్నారు, ఏది పాడైంది, రాసుకోవాలి. ఒక ఆదివారం, ఒక మామూలు రోజు చాలు. తర్వాత మున్సిపల్ ఆఫీసుకు మీరే వెంట తీసుకెళ్లి, ఈ ఏడాది బడ్జెట్ కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టొచ్చు. కాపీ చేతికొచ్చాక పార్కుల పద్దు దగ్గర ఆమెను కూర్చోబెట్టి, తన నోటుబుక్ పక్కన పెట్టుకుని చదవమనండి. గంట తర్వాత కూడా తల ఎత్తకుండా చదువుతుంటే, పేపర్ 2బీ దరఖాస్తు నింపేయండి.