జాకీ ఎక్కడ నొక్కినా ముల్లు ఒకవైపే పోతోంది!

ప్రశ్న: సార్, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. పొటెన్షియోమీటర్ (పొడవాటి తీగ మీది వోల్టేజీతో పోల్చి సెల్ వోల్టేజీ కొలిచే పరికరం) అంటేనే నాకు టెన్షన్. మొన్న ల్యాబ్‌లో పది మీటర్ల తీగ మీద ఎక్కడ జాకీ (తీగకు తాకించే లోహపు ముక్క) నొక్కినా గాల్వనోమీటర్ (చిన్న కరెంటును కూడా చూపే మీటర్) ముల్లు ఒకవైపే పోయింది. మా ఫ్రెండ్ రియోస్టాట్ (జరిపి రెసిస్టెన్స్ మార్చే పరికరం) జరిపితే ముల్లు సున్నాకు వచ్చే పాయింట్ దొరికింది, ఎందుకో మాత్రం ఇద్దరికీ తెలియదు. గాల్వనోమీటర్ పక్కనున్న పెద్ద రెసిస్టెన్స్ తీసేసినా పాయింట్ కదల్లేదు, రియోస్టాట్ కాస్త జరిపితే మాత్రం మీటర్ల కొద్దీ మారింది. రెండూ రెసిస్టెన్సులే కదా?
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రెండూ రెసిస్టెన్సులేనమ్మా, కాకపోతే రియోస్టాట్‌లో కరెంటు పారుతోంది, గాల్వనోమీటర్ పక్కనున్నదాంట్లో ఆ పాయింట్ దగ్గర పారడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

లెక్క వేసి చూద్దాం. తీగకు కరెంటిచ్చే సెల్ 2 వోల్టులు, తీగ రెసిస్టెన్స్ 5 ఓమ్‌లు అనుకో, సెల్ లోపలి రెసిస్టెన్స్‌ను ప్రస్తుతానికి వదిలేద్దాం. రియోస్టాట్ సున్నా దగ్గరుంటే 0.4 ఆంపియర్ పారుతుంది, 2 వోల్టులూ తీగ మీదే పడతాయి, అంటే మీటరుకు 0.2 వోల్టు. మనం కొలిచేది డానియల్ సెల్ అనుకో, దాని ఇఎంఎఫ్ (కరెంటు తీయనప్పుడు సెల్ ఇచ్చే వోల్టేజీ) సుమారు 1.08 వోల్టులు కాబట్టి 5.4 మీటర్ల దగ్గర ముల్లు సున్నాకు వస్తుంది. ఇప్పుడు రియోస్టాట్‌లో 5 ఓమ్‌లు పెట్టు. కరెంటు 0.2 ఆంపియర్‌కు పడిపోతుంది, తీగ వాటాకు ఒక్క వోల్టే మిగులుతుంది, మీటరుకు 0.1 అన్నమాట. 1.08 వోల్టులు కావాలంటే 10.8 మీటర్లు ఉండాలి, నీ దగ్గరున్నది పదే! ఇక ముల్లు ఒకవైపే పోక ఏం చేస్తుంది? మీ ఫ్రెండ్ రియోస్టాట్ రెసిస్టెన్స్ తగ్గించి ఉంటాడు, పాయింట్ తీగ మీదికి వచ్చింది.

గాల్వనోమీటర్ వైపు సంగతి వేరు. అపార్ట్‌మెంట్ మీద పక్కపక్కన రెండు ట్యాంకులు పెట్టి పైపుతో కలిపారనుకో, రెండింట్లో నీళ్ల మట్టం ఒకటే అయితే పైపు సన్నదైనా లావుదైనా చుక్క కదలదు. ముల్లు సున్నాకు వచ్చే ఆ బ్యాలెన్స్ పాయింట్ దగ్గర కూడా అంతే, కరెంటు సున్నా, సున్నాను ఎన్ని ఓమ్‌లతో గుణించినా సున్నా వోల్టులే. సెల్ అసలు ఇఎంఎఫ్ మనకు తెలిసేది కూడా అందుకే, దాని లోపలి రెసిస్టెన్స్ మింగడానికి కరెంటే లేదు కదా. మరి ఆ పెద్ద రెసిస్టెన్స్ ఎందుకంటే, పాయింట్ వెతికేటప్పుడు గాల్వనోమీటర్ కాలిపోకుండా. దగ్గరికి వచ్చాక తీసేస్తే ముల్లు చురుగ్గా కదిలి పాయింట్ ఖచ్చితంగా దొరుకుతుంది.

రియోస్టాట్ జరిపినా లాభం లేకపోతే రెండు సెల్‌ల పాజిటివ్‌లూ తీగ ఒకే చివరకు వచ్చాయో లేదో చూడు. తీగకు కరెంటిచ్చే సర్క్యూట్‌లో వైరు ఊడినా ముల్లు ఒకవైపే పోతుంది. అసలు కదలకపోతే మాత్రం లోపం గాల్వనోమీటర్ వైపు. ఇంకోమాట, జాకీని తీగ మీద ఈడ్చకు, నొక్కి తియ్యి. ఈడిస్తే తీగ అరిగి మందం మారుతుంది, మీటరుకు ఇన్ని వోల్టులన్న లెక్కే చెడుతుంది.

ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ కొన్నాను, ల్యాబ్ తీగ కాదు, తిప్పి రెసిస్టెన్స్ మార్చే చిన్న నాబ్, మూడు కాళ్లుంటాయి చూడండి, అది. 9 వోల్టుల బ్యాటరీకి పెట్టి సగానికి తిప్పితే మల్టీమీటర్‌లో 4.5 చూపించింది, 1 కిలో ఓమ్ లోడ్ (కరెంటు వాడుకునే రెసిస్టెన్స్) తగిలించగానే పడిపోయింది. మోసపోయానా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: లేదండీ, షాపువాడి తప్పేం లేదు. కింది సగం 5 కిలో ఓమ్‌లు, దానికి మీ 1 కిలో ఓమ్ ప్యారలల్‌లో చేరితే రెండూ కలిసి దాదాపు 833 ఓమ్‌లే. పై సగం ఇంకా 5000 ఓమ్‌లే కాబట్టి వోల్టేజీలో ఎక్కువ వాటా అదే లాక్కుంటుంది, మీకు సుమారు 1.3 వోల్టులు మిగులుతాయి. మల్టీమీటర్ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి అప్పుడు తేడా తెలియలేదు.