7 యూరోల కోత్ దు రోన్ రెడ్ వైన్‌ను పదేళ్లు దాచవచ్చా?

మీరు అడిగింది ఇది: ఫ్రాన్స్‌లోని లియోన్‌లో సెప్టెంబరు వైన్ మేళాలో 7 యూరోల చొప్పున కోత్ దు రోన్ 2022 రెడ్ ఆరు సీసాలు కొన్నారు. ఇంటికి తెచ్చిన రోజే ఒకటి తెరిస్తే వగరుగా, గొంతు మండేలా ఉంది. మిగిలిన ఐదింటినీ పదేళ్లు దాస్తే గొప్ప వైన్ అవుతుందని స్నేహితులు చెప్పారు. అది నిజమేనా, వాటిలో రెండు విజయవాడలో నాన్నగారికి తీసుకెళ్లవచ్చా అని.

పదేళ్లు దాచకండి. ఈ ధరకు దొరికే కోత్ దు రోన్‌లో ఎక్కువ భాగం, ద్రాక్ష కోసిన ఏడాది నుంచి నాలుగైదేళ్లలో తాగడానికే తయారవుతుంది. అయితే ఆ నాలుగైదేళ్లలో అది మారే తీరు మాత్రం తప్పక చూడాలి. ఖరీదైన సీసా ఒక్కటి కొని ఎప్పుడు తెరవాలో తెలియక బెంగపడడం కంటే, చవకలో మంచి వైన్ అరడజను కొని కొన్ని నెలలకొకటి తెరిస్తేనే వైన్‌కు వయసు రావడం ఏమిటో బోధపడుతుందని నా గట్టి నమ్మకం. చాలా కాలంగా లియోన్‌లో ఉంటూ నేను ఎక్కువగా కొనేది ఈ తరగతి వైన్‌నే.

ముందు ఆ మంట సంగతి చూద్దాం. 2022 వేసవిలో ఫ్రాన్స్‌లో ఎండలు మండిపోయాయి, వానలు బాగా తగ్గాయి. ఎండ ఎక్కువైతే ద్రాక్షలో చక్కెర పెరుగుతుంది. ఆ చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది. మీ సీసా లేబుల్ చూడండి, 14 లేదా 14.5 శాతం అని ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి వైన్‌ను సెప్టెంబరు వేడిలో, 25 డిగ్రీల గదిలోంచి తీసి పోస్తే పండు వాసన కంటే ముందు ఆల్కహాలే ముక్కుకు తగులుతుంది. రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే తాగాలన్న మాట చల్లటి పాత రాతి ఇళ్ల కాలానిది. తదుపరి సీసాను గంటకు పైగా ఫ్రిజ్‌లో ఉంచి, 16 డిగ్రీల ప్రాంతంలో తాగి చూడండి. మీ ఫిర్యాదులో సగం అక్కడే తీరిపోతుంది.

మిగిలిన సగం వగరు. అది ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో, కాడల్లో ఉండే టానిన్ వల్ల వస్తుంది. పచ్చి జామకాయ కొరికితే చిగుళ్లు పట్టేసినట్లు అవుతుంది చూడండి, అదే గుణం. కాలంతో తగ్గేది ఇదే కాబట్టి దాచడం గురించిన ప్రశ్నంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

సీసాలో ఏముందో కొంచెం తెలిస్తే మిగతాది సులువు. రోన్ నది వెంట, లియోన్‌కు దక్షిణాన ఉన్న వియెన్ నుంచి అవిన్యోన్ వరకు ఉన్న తోటల వైన్ ఇది. 1737లో రాజశాసనం ప్రకారం రోక్‌మోర్ రేవు నుంచి వెళ్లే పీపాల మీద సి.డి.ఆర్. (కోత్ దు రోన్‌కు పొడి అక్షరాలు) అని కాల్చి ముద్ర వేసేవారు; నేటి చట్టబద్ధమైన గుర్తింపు 1937లో వచ్చింది. మీరు కొన్న తరహా వైన్‌లో ఎక్కువ భాగం దక్షిణాన, అవిన్యోన్ పరిసరాల్లో పండిన ద్రాక్షదే. అక్కడ మిస్త్రాల్ అనే ఉత్తర గాలి బలంగా వీస్తుంది. వాన పడ్డాక గుత్తులను త్వరగా ఆరబెట్టి కుళ్లు పట్టకుండా కాపాడేది ఆ గాలే.

ఇందులో ప్రధానంగా మూడు రకాల ద్రాక్ష కలుస్తుంది. గ్రెనాష్ ఎర్రపండ్ల రుచిని, నిండుదనాన్ని, ఆల్కహాల్‌ను ఇస్తుంది. కాని రంగు పలచన, గాలిలోని ఆక్సిజన్ తగిలితే తొందరగా వాడిపోతుంది. రెండోదైన సిరా (Syrah) ద్రాక్ష ముదురు రంగును, టానిన్‌ను, మిరియాల వాసనను ఇస్తుంది. ఆ వాసన ఊహ కాదు. మిరియాలకు ఘుమఘుమ తెచ్చే రోటండోన్ అనే పదార్థమే సిరా ద్రాక్షలోనూ ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. మూడోది మూర్వెద్ర్. ఆలస్యంగా పండుతుంది, వగరు ఎక్కువ, ఆక్సిజన్‌ను బాగా తట్టుకుంటుంది. గ్రెనాష్ ఒక్కదానితోనే చేసిన చవక వైన్ త్వరగా నీరసిస్తుంది. మిగతా రెండూ తగినంత పడితే నిలుస్తుంది. అందుకే వెనక లేబుల్ మీద ఏ రకం ఎంత శాతమో రాసి ఉంటే నేను తప్పక చదువుతాను.

వయసు పెరిగేకొద్దీ లోపల జరిగేది ఇది: టానిన్, రంగు పదార్థాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని పెద్దవవుతాయి. కొంత భాగం మడ్డిగా అడుగుకు చేరుతుంది. వగరు మెత్తబడుతుంది. అదే సమయంలో తాజా పండు వాసన కూడా తగ్గుతూ పోతుంది. దాచితే ఏ వైన్ అయినా బాగుపడుతుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. వగరు తగ్గేలోపే పండు రుచి అయిపోతే మీకు మిగిలేది సన్నని, పుల్లని ద్రవం మాత్రమే. చవక వైన్‌ను తొక్కలతో తక్కువ రోజులే నానబెడతారు, త్వరగా మార్కెట్‌కు పంపాలి కాబట్టి. దాచుకోవడానికి కావలసిన సరుకు అందులో మొదటి నుంచీ తక్కువే.

మరి మీ సీసాలో ఆ సరుకు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? నేను నమ్మే పరీక్ష ఒక్కటే. ఒక సాయంత్రం తెరిచి, సగం తాగి, కార్క్ తిరిగి పెట్టి, చల్లటి చోట మర్నాటి సాయంత్రం వరకు ఉంచండి. మొదటి రోజు ముందుగా తెల్ల కాగితం మీద గ్లాసు వంచి అంచు రంగు చూడండి: ఊదా ఛాయ ఉంటే పడుచు వైన్, ఇటుక రంగు తిరిగితే వయసు మీదపడుతోంది. గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూడండి. గుక్కను నోటిలో కాసేపు ఉంచి, మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. రెండు ముక్కలు కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే జ్ఞాపకం ఈ విషయంలో నమ్మదగినది కాదు. మర్నాడు అదే గ్లాసులో, అదే చల్లదనంలో మళ్లీ తాగండి. వాసన విచ్చుకుని, వగరు సర్దుకుని ఉంటే ఇంకో రెండు మూడేళ్లు ధైర్యంగా ఉంచవచ్చు. నిన్నటి పండు రుచి పోయి, కోసి పెట్టిన ఆపిల్ ముక్క వాసన వస్తుంటే మిగతా సీసాలను ఈ ఏడాదిలోనే పూర్తి చేయండి.

ఈ పరీక్ష నెగ్గిన వైన్ ఒకటి చెబుతాను. విసాన్ అనే ఊరి సహకార సంఘంలో 2016 పంట కోత్ దు రోన్ విలాజ్ (మామూలు కోత్ దు రోన్ కంటే ఒక మెట్టు పైది) కొన్నాను. (ఈ ప్రాంతపు వైన్‌లో పెద్ద భాగం రైతుల సహకార సంఘాలే తయారుచేస్తాయి. ధర అందుబాటులో ఉండడానికి అదొక కారణం, నాకు అక్కడ కొనడం ఇష్టం కావడానికి ఇంకో కారణం.) మొదట్లో అది ముదురు ఊదా రంగులో, నల్లపండ్ల వాసనతో, చివర్లో నాలుకను గీరుతున్నట్లు ఉండేది. రెండేళ్ల తర్వాత తెరిచిన సీసాలో పండు వాసన పక్కనే ఎండిన మూలికల వాసన వచ్చి చేరింది, ఆ గీరడం పోయింది. ఇంకొంత కాలానికి తోలు, అడవిలో తడిసిన ఆకుల వాసన వచ్చింది, మడ్డి కనిపించింది. నాకు బాగా నచ్చింది మధ్యలోదే. వైన్ దుకాణాల్లో మాత్రం చివరిదాన్నే ఎక్కువ పొగుడుతారు.

ఈసారి కొనేటప్పుడు లేబుల్ మీద 'విలాజ్' అన్న మాట, దాని పక్కన ఊరి పేరు ఉన్నది చూడండి. అలా ఊరి పేరు వేసుకునే హక్కు ఇరవైకి పైగా చోట్లకు ఉంది. వాటికి ఎకరా దిగుబడి మీద పరిమితి గట్టిది కాబట్టి ద్రాక్షలో సాంద్రత ఎక్కువ. మామూలు కోత్ దు రోన్‌లోనూ నిలిచేవి లేకపోలేదు. ఆంప్యూయీలో 1946లో మొదలైన గిగాల్ సంస్థ రెడ్‌లో సిరా పాలు ఎక్కువ, పెద్ద చెక్క పీపాల్లో కొంతకాలం ఉంచాకే బయటికి వస్తుంది. కొన్నేళ్లు నిశ్చింతగా ఉంచవచ్చు.

ఎక్కడ దాచాలి? లియోన్ పాత భవనాల్లో చాలావాటికి కింద మట్టినేల గల 'కావ్' (నేలమాళిగ) ఉంటుంది. మీ ఇంటి అద్దె పత్రంలో ఉందేమో చూడండి. లేకపోతే వంటగదికి దూరంగా, బయటి గోడ తగలని అలమర అడుగున కార్క్ తడిగా ఉండేలా సీసాలను పడుకోబెట్టండి. 12 నుంచి 14 డిగ్రీలు మేలు, కాని 18 డిగ్రీలు ఏడాది పొడవునా స్థిరంగా ఉన్నా పరవాలేదు. అసలు చేటు హెచ్చుతగ్గులదే. వేడికి వైన్ ఉబ్బి కార్క్‌ను నెడుతుంది, చల్లబడినప్పుడు ఆ సందులోంచి గాలి పీల్చుకుంటుంది. ఫ్రిజ్ మీద పెట్టే అలవాటు మాత్రం వెంటనే మానండి.

నాన్నగారికి తప్పకుండా తీసుకెళ్లండి. పెద్దలకు 2 లీటర్ల వరకు సుంకం లేదు. రెండు సీసాలు కలిపి లీటరున్నరే. బట్టల మధ్య చుట్టి, చెక్ ఇన్ సామానులో వేయండి. డిసెంబరు, జనవరి అయితే నయం, మే నెలలో మాత్రం వద్దు. విజయవాడ వేసవిలో అలమరలో పెట్టిన సీసా కొద్ది వారాల్లోనే ఉడికిన పండు రుచికి తిరుగుతుంది. ‘మంచి రోజు చూసి తెరుద్దాం’ అని ఆయన దాచుకోబోతే వారించి, మీరు ఉండగానే తెరిపించండి.

పక్కన ఏం వడ్డించాలన్నది కూడా ముఖ్యమే. ఆల్కహాల్ కారాన్ని పెంచుతుంది కాబట్టి ఎండుమిరప బాగా దట్టించిన కూరతో ఈ వైన్ మంటగానే ఉంటుంది. గోంగూర మాంసం పులుపు ముందు చప్పబడుతుంది. మిరియాలు, ఉల్లిపాయ వేసి కారం తగ్గించిన మటన్ వేపుడు చేయించండి. సిరాలోని మిరియాల వాసన దానితో చక్కగా కలుస్తుంది. సీసాను వడ్డనకు ముందు గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచండి, అక్కడి గదిలో గ్లాసులో పోసిన పది నిమిషాలకే వేడెక్కుతుంది. సగం మిగిలితే కార్క్ బిగించి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి, మరో రెండు రోజులు బాగుంటుంది.