ట్రైలర్ తర్వాత, ముందు ఆరు నెలల ఖర్చు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. టూరింగ్ బైక్ మీద అప్పుకు ఇంకా 14 వాయిదాలున్నాయి, జీతంలో ఐదో వంతు దానికే పోతోంది. మూడు నెలల తర్వాత నేను, నా భార్య కలిసి మూడు వారాల యాత్రకు వెళ్లాలనుకుంటున్నాం. డేరా, వంట సామాను వేసుకోవడానికి బైక్ వెనక తగిలించే చిన్న ట్రైలర్ చూశాను. హిచ్ (ట్రైలర్‌ను బైక్‌కు తగిలించే కొక్కెం), వైరింగ్ కలిపి రెండు నెలల జీతం అవుతుంది. 18 శాతం వడ్డీకి 24 నెలల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. బ్యాంకులో నెలన్నర ఖర్చుకు సరిపడా డబ్బుంది. అందులోంచి ఒక నెల ఖర్చు యాత్రకు తీస్తాను. నెలకు జీతంలో 15 శాతం మిగులుతోంది కాబట్టి వాయిదా కట్టడం కష్టం కాదు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ అప్పు కాగితాల మీద సంతకం పెట్టకండి.

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం ట్రైలర్ కాదు, చివర్లో మీరు రాసిన ‘మిగులుతోంది కాబట్టి వాయిదా కష్టం కాదు’ అన్న వాక్యం. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది ఈ మాటతోనే మొదలుపెడతారు. కొనే వస్తువు మారుతుంది గానీ లెక్క మారదు. నెల మిగులులో వాయిదా ఇమిడితే చాలు, కొనే స్తోమత ఉన్నట్టే అనుకుంటారు. ఆ మిగులు రేపటి కష్టానికి దాచాల్సిన డబ్బు అన్నది ఎవరికీ గుర్తుండదు.

మీ చేతికొచ్చే జీతం 100 అనుకుందాం. బైక్ వాయిదాతో కలిపి ఖర్చు 85, మిగులు 15. ట్రైలర్ 200. మీరు చెప్పిన వడ్డీకి, మీరు చెప్పిన గడువుకు వాయిదా దాదాపు 10 పడుతుంది. అంటే మిగులు 15 నుంచి 5కు దిగుతుంది. 24 నెలల్లో వడ్డీగానే దాదాపు 40 కడతారు, అంటే నెల జీతంలో ఐదింట రెండు వంతులు. వడ్డీ సంగతి పక్కన పెట్టినా, నన్ను భయపెట్టేది రెండో లెక్క. బ్యాంకులో ఇప్పుడు సుమారు 127 ఉంది. యాత్రకు 85 తీస్తే మిగిలేది 42. ఇంటి ఖర్చు, రెండు వాయిదాలు కలిపితే నెలకు 95 కావాలి. నెలకు ఐదేసి చొప్పున కూడబెడితే, పదకొండో నెల వచ్చేదాకా మీ దగ్గరున్న డబ్బు ఒక్క నెలకు కూడా చాలదు. ఉద్యోగం పోవాల్సిన పని లేదు. ఒక జీతం ఆలస్యమైతే చాలు, వాయిదా తప్పుతుంది.

ఇక్కడే ట్రైలర్ మిగతా వస్తువుల కంటే వేరు. టీవీని అప్పు మీద కొంటే అది గోడకు వేలాడుతూ ఉంటుంది. ట్రైలర్ మాత్రం మీ సంపాదన ఆగిపోయే ప్రమాదాన్ని కూడా కొంత పెంచుతుంది. బరువు పెరిగితే బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. సామాను వెనక్కి ఎక్కువగా సర్దితే హిచ్ మీద బరువు తగ్గి, వేగంలో ట్రైలర్ పాములా ఊగడం మొదలవుతుంది. మొత్తం బరువులో కనీసం పదో వంతు హిచ్ మీద ఉండాలన్నది అనుభవజ్ఞులు పాటించే కొలత. సామాను నింపాక ట్రైలర్ మూతిని బాత్రూమ్ వెయింగ్ మెషిన్ మీద, హిచ్ ఎత్తుకు సమానంగా ఆనించి చూస్తారు. ట్రైలర్ 100 కిలోలుంటే ముల్లు 10 దాటాలి. రెండు చక్రాల మీద తూకం తప్పితే సర్దుకునే వీలు తక్కువ. పడేది మీరు, మీ వెనక కూర్చున్న మీ భార్య. అలాంటి రోజున ఆసుపత్రి ఖర్చు, రాని జీతం, రెండు వాయిదాలు ఒకేసారి మీద పడతాయి. దాన్ని తట్టుకోవడానికి దాచిన డబ్బునే మీరు యాత్రకు తీస్తానంటున్నారు.

ప్రమాదమే జరగాలని కూడా లేదు. నా దగ్గరకు వచ్చే ఒకాయన ఇలాగే ట్రైలర్ కట్టుకుని బయల్దేరాడు. ట్రైలర్ చక్రాలు చిన్నవి కాబట్టి అదే వేగానికి బైక్ చక్రం కన్నా చాలా ఎక్కువసార్లు తిరుగుతాయి, బేరింగులు త్వరగా వేడెక్కుతాయి. పెట్రోలు కోసం ఆగినప్పుడల్లా చక్రం మధ్యలో హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఆయన చూడలేదు. రెండో రోజు మధ్యాహ్నం బేరింగ్ పట్టేసి చక్రం తిరగడం మానేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ బండి, ట్రైలర్ మోయించడానికి, ఆ విడిభాగం దొరికేదాకా ఉన్న మూడు రాత్రుల బసకు అంతా క్రెడిట్ కార్డే గీశాడు. ఇంటికొచ్చాక కొన్ని నెలలు కనీస మొత్తం మాత్రమే కడుతూ వచ్చాడు. నా దగ్గరకు వచ్చేసరికి కార్డు బాకీ ట్రైలర్ ధరలో సగానికి చేరింది. అతని చేతిలో రెండు నెలల ఖర్చు ఉండి ఉంటే ఆ బాకీ పుట్టేదే కాదు.

పైగా ట్రైలర్ ఖర్చు కొన్న రోజుతో ఆగదు. వెనక టైరు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ త్వరగా అరుగుతాయి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మీ లెక్కలో వీటికి ఒక్క అంకె కూడా లేదు.

బీమా మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, అది ఇంకా పెద్ద లోటు. ముందు బైక్ ఓనర్ మాన్యువల్ తెరవండి. ట్రైలర్ లాగేవాళ్లలో హోండా పెద్ద టూరింగ్ బైక్ గోల్డ్‌వింగ్ నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, అయినా హోండా తన మాన్యువల్‌లో ట్రైలర్ కట్టవద్దనే చెబుతుంది. మీ బైక్ కంపెనీ కూడా అదే మాట రాసి ఉంటే, హిచ్ బిగించిన సంగతి బీమా కంపెనీకి చెప్పకుండా మీరు బయల్దేరితే, క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్ల చేతికి కారణం మీరే ఇచ్చినట్టు. ఏజెంట్ ఫోన్‌లో ‘ఏం పర్లేదు సార్’ అన్నంత మాత్రాన అది కవరేజీ అవదు. మెయిల్ రాయండి: హిచ్ బిగిస్తే పాలసీ చెల్లుతుందా, ట్రైలర్ విడిపోయి ఎవరినైనా గుద్దితే థర్డ్ పార్టీ కవర్ దానికీ వర్తిస్తుందా, ట్రైలర్‌కూ లోపలి సామానుకూ జరిగే నష్టం ఎవరిది, వెనక కూర్చున్నవారికి ప్రమాద బీమా ఉందా. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.

మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో కూడా రవాణా శాఖను అడిగి తెలుసుకోండి, దేశానికో పద్ధతి ఉంటుంది. బ్రిటన్‌లో 125 సీసీ దాటిన బైకులకే అనుమతి. ట్రైలర్ వెడల్పు మీటరు మించకూడదు, సామానుతో కలిపి బరువు 150 కిలోలు లేదా బైక్ బరువులో మూడింట రెండు వంతులు, ఏది తక్కువైతే అది. బైక్ 210 కిలోలైతే 140 కిలోలే. ట్రైలర్ సొంత బరువు తీసేశాక ఎంత సామానుకు చోటుంటుందో మీరే చూడండి. నిబంధనకు విరుద్ధంగా నడిపి ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో వాదన మరింత కష్టమవుతుంది.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఆ 127ను కదపకండి. నెలనెలా 15 దానికే చేర్చండి. 14 నెలలకు బైక్ అప్పు తీరుతుంది, అప్పటికి మీ దగ్గర సుమారు 337 ఉంటుంది. వాయిదా పోయాక ఖర్చు 65కు దిగుతుంది, మిగులు 35కు పెరుగుతుంది. ఆరు నెలల ఖర్చంటే 390, పదహారో నెలలో అది దాటిపోతారు. ఆ తర్వాత మరో ఆరు నెలలు అదే 35 పక్కన పెడితే 22వ నెలలో ట్రైలర్‌ను పూర్తి నగదుతో కొంటారు. బ్యాంకు మీకిస్తానన్న అప్పు అప్పటికి ఇంకా రెండు వాయిదాలు మిగిలే ఉండేది. మీ ఇంట్లో సంపాదించేది ఒక్కరే కాబట్టి ఆరు నెలల కంటే తగ్గితే నేను ఒప్పుకోను. ఈ డబ్బు ఎక్కడ పెట్టాలని అడుగుతారు. అడిగిన రోజే చేతికొచ్చే చోట, అంతే. షేర్లలో మాత్రం కాదు.

ఇతర దారులు: అద్దెకు దొరికితే, హిచ్ ఎవరు బిగిస్తారో తేలితే చూడండి. వాడిన ట్రైలర్ చవకగా వస్తుందంటే బేరింగులు, వెల్డింగు చూపించుకోకుండా కొనకండి. ధరను కార్డు మీద వాయిదాలుగా మార్చుకోవడం కూడా అప్పే, దాని పేరే ఎత్తకండి.

యాత్ర మానమని నేను అనడం లేదు. మూడు వారాలను పది రోజులు చేసుకుని, బైక్ పక్క పెట్టెల్లో పట్టేంత సామానుతో వెళ్లండి. ఖర్చు ఈ మూడు నెలల మిగులులోంచే, అంటే 45 లోపే తేలాలి. ఆ మేరకు ఆరు నెలల నిధి నిండడం ఒకట్రెండు నెలలు వెనక్కి జరుగుతుంది, దానికి ఒప్పుకుంటాను. వంట సామాను ఇంట్లో వదిలేస్తే ట్రైలర్ అవసరం సగం తగ్గిపోతుంది. బయల్దేరే ముందు, అందాక కూడబెట్టిన డబ్బు ఏ ఖాతాలో ఉందో, బైక్ పాలసీ కాగితం ఎక్కడుందో మీ ఆవిడకు చెప్పి ఉంచండి.