గుర్రాన్ని అమ్మిన తేదీ మీదే మీ కేసు ఆధారపడి ఉంది

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాను. 2021లో హైదరాబాద్‌లో ఉండే మా మేనత్త కొడుకు, నేను, మరో ఇద్దరు స్నేహితులు కలిసి 12 లక్షలకు ఒక రేసు గుర్రాన్ని కొన్నాం. తలా మూడు లక్షలు. నేను రెండు లక్షలు బ్యాంకు ద్వారా పంపాను, లక్ష చేతికిచ్చాను. కాగితం రాసుకోలేదు. రేసు క్లబ్బు రికార్డుల్లో గుర్రం మా బావ పేరు మీదే ఉంది. 2022లో మలక్‌పేటలో రెండు రేసులు గెలిస్తే నా వాటా అని 90 వేలు పంపాడు. 2023 జనవరిలో ముందు కాలు దెబ్బతిని పరుగు ఆగిపోయింది. మార్చి నుంచి నేను నెలవారీ ఖర్చు పంపడం మానేశాను. అయినా మే నెలలో బిల్లు కట్టమని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు, ఎంత సిగ్గులేనితనమో చూడండి. మొన్న సంక్రాంతికి స్నేహితుడు చెబితే తెలిసింది, 2023 ఆగస్టులోనే గుర్రాన్ని అమ్మేశాడట! నిలదీస్తే "బావా, నీ డబ్బు ఎక్కడికీ పోదులే" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. దీనివల్ల మా అమ్మకీ మేనత్తకీ మాటల్లేవు. ఇంట్లో ఒకటే టెన్షన్. 2020లో వేరే అప్పు కోసం అతను సంతకం చేసిచ్చిన ఖాళీ ప్రోనోటు ఒకటి నా దగ్గర ఉంది. ఆ అప్పు తీర్చేశాడు గానీ నోటు వెనక్కి తీసుకోలేదు. దాన్ని మూడు లక్షలకు నింపి దావా వేయమని ఊళ్లో ఒక పెద్దాయన అంటున్నారు. అసలు గుర్రప్పందేల వ్యవహారం కోర్టులో నిలుస్తుందా?

సమాధానం: మీరు సిగ్గులేనితనం అని తిట్టిన ఆ మే నెల మెసేజే మీ కేసును కాపాడేది. దాన్ని డిలీట్ చేసి ఉండరని ఆశిస్తున్నాను.

నలుగురూ డబ్బు వేసి గుర్రాన్ని కొన్నారు, గెలిచిన సొమ్ము పంచుకున్నారు, ఖర్చూ పంచుకున్నారు. రాతపత్రం లేకపోయినా దీన్ని భాగస్వామ్యం అని వాదించడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. ఒకే ఒక్క పని కోసం కలిసినా భాగస్వామ్యమే అని 1932 నాటి భాగస్వామ్య చట్టం సెక్షన్ 8 చెబుతుంది. ఆ పని పూర్తయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, సెక్షన్ 42 ప్రకారం అది దానంతటదే రద్దవుతుంది. అలా రద్దయిన రోజు నుంచి మూడేళ్లలోపు లెక్కల కోసం, లాభంలో వాటా కోసం దావా వేయాలి. ఇది దావా గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 1963, ఆర్టికల్ 5. మీకు సంగతి తెలిసింది సంక్రాంతికి కదా అని అక్కడి నుంచి లెక్కపెట్టుకోవద్దు. గడియారం మొదలైంది భాగస్వామ్యం ముగిసిన రోజునే.

ఆగస్టులో అమ్మారు కాబట్టి 2026 ఆగస్టు దాకా గడువుందని మీరు అనుకోవచ్చు. అవతలి వకీలు అలా అననివ్వడు. "గుర్రం పరుగెత్తడం కోసం కలిశారు, 2023 జనవరిలో కాలు పోయింది, పని అక్కడితో అయిపోయింది, మూడేళ్లు 2026 జనవరికే నిండాయి, దావా చెల్లదు" అంటాడు. ఈ వాదన నెగ్గితే మిగతా సాక్ష్యం ఎంత ఉన్నా మీకు పైసా రాదు. దీనికి జవాబు మే నెల మెసేజ్. జనవరిలోనే అంతా ముగిసిపోతే మేలో మీ వాటా బిల్లు ఎందుకు అడిగారు? గుర్రం ఇంకా ట్రైనర్ దగ్గరే ఉంది, దాణా పడుతోంది, వాటాలు నడుస్తున్నాయి అని మీ బావే తన చేత్తో రాసిచ్చారు. అమ్మకం దాకా భాగస్వామ్యం బతికే ఉందనడానికి ఇంతకన్నా మంచి ఆధారం మీ దగ్గర ఇంకోటి లేదు.

ఇక ఆ వాయిస్ మెసేజ్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. బాకీ ఒప్పుకుంటే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, నిజమే. కానీ లిమిటేషన్ చట్టం సెక్షన్ 18కి కావలసింది రాతపూర్వకమైన, సంతకం ఉన్న ఒప్పుకోలు, అదీ గడువు దాటకముందు ఇచ్చింది. నోటిమాటకు ఆ బలం లేదు. మోసం చేసి దాచిపెట్టారు కాబట్టి తెలిసిన రోజు నుంచి లెక్కించాలనే వాదన సెక్షన్ 17 కింద ఉంది గానీ, దాచారని రుజువు చేయాల్సింది మీరే. రెండున్నరేళ్లు గుర్రం ఎలా ఉందని ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదని జడ్జిగారు అడిగితే ఏం చెబుతారు?

ఒక మాట కఠినంగానే అంటాను. చెరువు కౌలుకు స్టాంపు పేపరు మీద సాక్షుల సంతకాలతో రాయించుకుంటారు. రొయ్య పట్టినప్పుడు కౌంటు చీటీ, కాటా చీటీ జేబులో పెట్టుకోనిదే లారీ కదలనివ్వరు. మేత బస్తాల బిల్లు మూడేళ్లయినా బీరువాలో దొరుకుతుంది. అలాంటి మనిషి మూడు లక్షలు పోసి, గుర్రం ఒక్కరి పేరు మీద పెట్టి, ఒక తెల్లకాగితం కూడా రాయించుకోకపోవడం ఏమిటి? వాటాదారులందరి పేర్లనూ, ఎవరి వాటా ఎంతో సహా నమోదు చేసే ఏర్పాటు రేసు క్లబ్బుల్లో ఉంటుంది. నమోదైన పేర్లనే క్లబ్బు యజమానులుగా చూస్తుంది, గెలుపు సొమ్మూ వాళ్ల ఖాతాకే వేస్తుంది. అప్పుడు ఒక సంతకం చేసి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఖాళీ ప్రోనోటు సంగతి. దాన్ని ముట్టుకోవద్దు. మీ బావ సంతకం పెట్టింది 2020 అప్పు కోసం. ఆ అప్పు తీరాక దాన్ని నింపే హక్కు మీకు లేదు. ఆ అప్పు బ్యాంకు ద్వారా తీర్చి ఉంటే ఆయన స్టేట్‌మెంటులో ఒక్క పేజీ చాలు మీ దావా కూలడానికి. అప్పటికే మీరు ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టవుతుంది. దొంగ పత్రం, అబద్ధపు సాక్ష్యం అని మీ మీదే క్రిమినల్ కేసుకు దారి తీస్తుంది. పైగా ఇది అప్పు అని ఒకసారి కోర్టులో రాశాక, రేపు గుర్రంలో వాటా అని చెబితే ఎవరు నమ్ముతారు? మీ మెసేజ్‌లన్నీ గుర్రం గురించే, నోటు మాత్రం అప్పు గురించి. నిజమైన కేసును అబద్ధపు కాగితంతో మీరే చంపుకున్నట్టు. నోటు మీద చెల్లు రాసి, ఫొటో తీసుకుని, ఆయనకు తిరిగి ఇచ్చేయండి.

పోలీసు కేసు పెడతామనే ఆలోచనా వద్దు. చీటింగ్ అంటే మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం కనిపించాలి. గెలిచాక 90 వేలు పంపిన మనిషి విషయంలో అది చూపించడం కష్టం. స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే సివిల్ గడువు ఆగదు కూడా.

గుర్రప్పందెం కదా అనే భయం మాత్రం అనవసరం. గుర్రపు పందేలు నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లోనే లక్ష్మణన్ కేసులో చెప్పింది. పందెపు ఒప్పందాలు చెల్లవనే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 కూడా, రేసులో గెలిచిన గుర్రానికి ఇచ్చే 500 రూపాయలు, ఆపై విలువైన బహుమతి కోసం వేసుకునే చందాను మినహాయించింది. మీరు గుర్రం కొన్నారు, దాని మీద బెట్టింగ్ కట్టలేదు. మీ నలుగురూ కలిసి బుకీ దగ్గర కాసిన డబ్బు ఏదైనా ఉంటే దాన్ని ఈ దావాలోకి తేవద్దు. రిజిస్టరు కాని భాగస్వామ్యం కాబట్టి దావా కుదరదని కూడా అంటారు. రద్దయిన సంస్థ లెక్కలు అడగడానికి భాగస్వామ్య చట్టం సెక్షన్ 69లోనే మినహాయింపు ఉంది.

సాక్ష్యం విషయానికి వస్తే, ముందు బ్యాంకు స్టేట్‌మెంటు 2021 నుంచి ముద్ర వేయించి తెచ్చుకోండి. చేతికిచ్చిన లక్షకు మిగతా ఇద్దరు వాటాదారులే సాక్షులు. గెలిచిన గుర్రాన్ని కళ్లెం పట్టి తీసుకొచ్చేటప్పుడు నలుగురూ దిగిన ఫొటో ఉంటే, మీరక్కడ ఉన్నారని తప్ప వాటా ఉందని అది చెప్పదు. దాని కింద మీ బావ "మన గుర్రం" అని రాసి పంపి ఉంటే అది వేరే సంగతి. ఆ రోజు కొన్న రేసు పుస్తకం ఇంట్లో ఉందేమో వెతకండి, అందులో ప్రతి గుర్రం పక్కన యజమాని పేరు అచ్చవుతుంది. వాట్సాప్ ఉన్న ఫోన్ మార్చొద్దు, యాప్ తీసేయొద్దు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ లేకుండా వట్టి స్క్రీన్‌షాట్ ప్రింటు పెడితే అభ్యంతరం వస్తుంది. అమ్మకం తేదీ, ధర, బహుమతి సొమ్ము చెల్లింపులు క్లబ్బులో ఉంటాయి. మీ ఉత్తరానికి జవాబు ఇవ్వకపోతే కోర్టు సమన్ల ద్వారా తెప్పించాలి.

ఒక నిజం ముందే తెలుసుకోండి. లెక్కలు అడిగితే రెండు వైపుల లెక్కా తీస్తారు. గుర్రం గెలిచినా, కాలు కట్టు కట్టుకుని నిలబడినా ట్రైనర్ ఫీజు, దాణా, నాడాలు, డాక్టరు ఖర్చు నెలనెలా పడుతూనే ఉంటాయి. వేరే ఒప్పందం లేకపోతే నష్టంలోనూ సమాన వాటాయే. మార్చి నుంచి ఆగస్టు దాకా మీరు కట్టని వాటాను మినహాయిస్తారు. కాలు దెబ్బతిన్న గుర్రానికి పెద్ద ధర వచ్చి ఉండదు. కాబట్టి మూడు లక్షలూ వెనక్కి వస్తాయని ఇంట్లో చెప్పకండి. మీ బావ అప్పటి ఆదాయపు పన్ను రిటర్న్‌లు కూడా అడగాలి. రేసు గుర్రాల నష్టాన్ని రేసు గుర్రాల ఆదాయంలోంచే తీసుకోవాలని, నాలుగేళ్లే ముందుకు తీసుకెళ్లవచ్చని 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 74ఎ చెప్పింది. ఆయన చూపిన అంకెలు ఇప్పుడు మీకు చెప్పే అంకెలతో కలుస్తాయో లేదో చూడాలి.

మొదట లాయర్ నోటీసు పంపండి, స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో. అమ్మిన తేదీ, కొన్నవారు, ధర, ట్రైనర్ అసలు బిల్లులు పదిహేను రోజుల్లో చూపమని అడగండి. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. మీ క్లెయిమ్ విలువ మూడు లక్షలు, ఆపైన అయితే వాణిజ్య వివాదంగా చూసే వీలుంది. అప్పుడు అత్యవసర ఉత్తర్వు కోరకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. ఆ సమయాన్ని గడువులో లెక్కించరు. మేనత్త, అమ్మ మాట్లాడుకోవాలంటే అక్కడే ఒక దారి దొరకవచ్చు కూడా. రాజీ కుదిరితే సంతకాలతో కాగితం మీదికి రావాలి. దావా వేయాల్సి వస్తే మిగతా ఇద్దరినీ పార్టీలుగా చేర్చాలి, లేకపోతే లెక్కల దావా లోపంతో మొదలవుతుంది.

ఈ నెల దాటకుండా సివిల్ పని చేసే వకీలును కలవండి. ఫోన్ కూడా తీసుకెళ్లి మే నెల మెసేజ్ చూపించండి. మార్చి నుంచి డబ్బు ఆపిన సంగతి ఆయన అడక్కముందే మీరే చెప్పండి.