ఫోన్‌లో చురుకైన అబ్బాయి కంప్యూటర్ దగ్గర తడబడుతున్నాడు

ప్రశ్న: మాది గాజువాక. మా బాబు బీకాం పూర్తిచేసి ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ పనికి చేరాడు. ఇంట్లో ఎవరి ఫోన్‌కి ఏమొచ్చినా వాడే సరిచేస్తాడు. ఆఫీసులో మాత్రం తను సేవ్ చేసిన ఫైలే మళ్ళీ దొరకడం లేదట. పది రోజులకే మానేస్తానంటున్నాడు. ఆరు నెలల కంప్యూటర్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఉద్యోగం మాత్రం మాన్పించకండి. కోర్సు సంగతి చివర్లో చెబుతాను.

ద్వారకానగర్‌లో నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లల్లో చాలామందికి ఇదే ఇబ్బంది. ఫోన్‌లో ఫొటో తీస్తే గ్యాలరీలో కనబడుతుంది, అది ఏ ఫోల్డర్‌లో ఉందో చూడాల్సిన పనే రాదు. ఆఫీసులో మొదట అడిగేదే "ఎక్కడ పెట్టావు?" అని. అందుకే సేవ్ బటన్ నొక్కే ముందు ఏ ఫోల్డర్‌లోకి వెళ్తోందో ప్రతిసారీ చూడమనండి. ఫైల్ పేరు 'బిల్లు కొత్తది', 'బిల్లు ఫైనల్' అని కాకుండా ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఆ తర్వాత పార్టీ పేరు ఉండేలా పెడితే ఫైళ్ళన్నీ వాటంతటవే వరుసలో నిలబడతాయి. అప్పటికీ కనబడకపోతే ఎక్సెల్‌లో ఫైల్ మెనూలోకి వెళ్తే ఈ మధ్య తెరిచిన ఫైళ్ళ జాబితా ఉంటుంది. నెట్ నుంచి దించుకున్నవైతే క్రోమ్‌లో కంట్రోల్, జె కలిపి నొక్కితే చాలు.

మీ బాబుకి అసలు టెన్షన్, ఏదైనా నొక్కితే పాడైపోతుందేమోనని అయ్యుంటుంది. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే ఇప్పుడే చేసిన తప్పు వెనక్కి పోతుంది. ఫైల్ మూసేశాక అది పనిచేయదు. పొరపాటున తీసేసిన ఫైల్ రీసైకిల్ బిన్‌లో దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసింది మాత్రం మామూలుగా అక్కడికి రాదు.

అకౌంట్స్‌లో ఉన్నాడు కాబట్టి ఇంకొకటి గట్టిగా చెప్పాలి. బ్యాంకు ఖాతా నంబరు ముందు సున్నాలుంటే ఎక్సెల్ వాటిని మింగేస్తుంది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే సరిగ్గా ఉంచుకుంటుంది. 16 అంకెల నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎలాంటి హెచ్చరికా రాదు. నంబరు కొట్టే ముందే ఆ గడిని టెక్స్ట్‌గా మార్చుకోవాలి. లేదా నంబరుకి ముందు ఒక అపాస్ట్రఫీ (') పెట్టాలి. ఇది తెలియక తప్పు ఖాతా నంబరు పంపి మాటపడ్డ కొత్తవాళ్ళని చూశాను. వాళ్ళ శ్రద్ధలో లోపం లేదు, ఎవరూ చెప్పలేదు, అంతే.

వాట్సాప్‌లో బిల్లు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి అంకెలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోన్‌లో గూగుల్ డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ చేసే వీలుంది, నేరుగా పీడీఎఫ్ వస్తుంది. ఆఫీసులో సీట్లోంచి లేచేటప్పుడు విండోస్ కీ, ఎల్ నొక్కితే స్క్రీన్‌కి తాళం పడుతుంది. ఓటీపీ పక్క సీటువాళ్ళు అడిగినా చెప్పొద్దు. ఎప్పుడైనా ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మన విశాఖ సంగతి ఒకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు, చాలాచోట్ల సిగ్నల్ లేదు. సర్టిఫికెట్లు తడిసిపోయి, జిరాక్సు కూడా లేక వచ్చిన పిల్లల ముఖాలు నాకింకా గుర్తే. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మెమోలన్నీ స్కాన్ చేసి ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లో, ఒక కాపీ ఫోన్‌లోనే ఉంచమనండి. సిగ్నల్ లేనప్పుడు డ్రైవ్ తెరుచుకోదు మరి. డ్రైవ్‌లో 15 జీబీ దాకా ఉచితం. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో బోర్డు జారీచేసిన మెమో అసలు దానితో సమానంగా చెల్లుతుంది. మనం ఫొటో తీసి అందులో ఎక్కించుకున్నదానికి ఆ విలువ లేదు.

ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా టైపింగ్ ఆగక్కర్లేదు. మామూలు యూఎస్‌బీ కీబోర్డుని ఓటీజీ కనెక్టర్‌తో (ఫోన్ చార్జింగ్ పెట్టేచోట తగిలించే చిన్న ముక్క) చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి తగిలించుకోవచ్చు. రోజూ అరగంట, కీబోర్డు వైపు చూడకుండా. ఆఫీసులో తెలియనిది వస్తే "ఒకసారి చూపించండి సార్, రాసుకుంటాను" అని చిన్న నోటుపుస్తకం తీయమనండి. అడిగినదే మళ్ళీ అడగకపోతే సీనియర్లు విసుక్కోరు.

ఇక కోర్సు. ఇవన్నీ నెల రోజులు చేశాక కూడా కావాలనిపిస్తే, బీకాం చదివాడు కాబట్టి ట్యాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్), ఎక్సెల్ కలిపి నేర్పే రెండు నెలల కోర్సు చాలు. గ్రూప్-2 ఆలోచన ఉంటే అందులో కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ కూడా ఉంటుంది, ఈ సాధన అక్కడా పనికొస్తుంది. చేరే ముందు మీరే వెళ్ళి రెండు అడగండి: మనిషికొక కంప్యూటర్ ఇస్తారా, రోజుకి ఎన్ని గంటలు వాడే కూర్చుని చేస్తాడు? సూటిగా చెప్పనిచోట ఫీజు కట్టకండి.