సంకర మందకు ఏ ఆబోతు? పాఠకుల ప్రశ్నలు – పశువైద్యుని సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా స్వస్థలం ప్రకాశం జిల్లా. చాలా కాలంగా టెక్సాస్‌లో స్థిరపడ్డాం. హ్యూస్టన్‌కు పడమరగా కొన్న పొలానికి వ్యవసాయ భూమి లెక్కన పన్ను తగ్గుతుందని మొదట నాలుగు ఆవులు తెచ్చాం, ఇప్పుడది మంద అయింది. 26 ఆవులు బ్రాహ్మన్, హెర్‌ఫర్డ్ జాతుల తొలి సంకరం. ఒంటిమీద చారలుంటాయి కనుక ఇక్కడి రైతులు వీటిని టైగర్ స్ట్రైప్ అంటారు. ఇవి కాక ఈ ఏడాది 5 శుద్ధ హెర్‌ఫర్డ్ పెయ్యలు కొన్నాం. పాలు మాన్పిన దూడలను మాంసపు పశువుల వేలంలో అమ్ముతాం, మంచి పెయ్యదూడలను మాత్రం మందలో ఉంచుకోవాలని ఉంది. పాత ఆబోతును మార్చాలి. నాన్నగారికీ నాకూ తెల్లటి బ్రాహ్మన్ ఆబోతు మీద మనసుంది. అది అచ్చం మా ఊరి ఒంగోలు గిత్తలా ఉంది. పొరుగు రైతు ఆంగస్ జాతి ఆబోతును కొనమంటున్నాడు. ఎవరి మాట వినాలి? కొనేటప్పుడు ఏమేమి చూడాలి?

జవాబు: ఆ ఆబోతులో ఒంగోలు పోలిక కనబడడం మీ భ్రమ కాదు. పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1920ల దాకా విడతలుగా అమెరికా చేరిన గుజరాత్, గిర్, కృష్ణా లోయ పశువులతోపాటు, అక్కడ నెల్లూరు పేరుతో నమోదైన మన ఒంగోలు పశువుల రక్తం కూడా కలిసి బ్రాహ్మన్ జాతి ఏర్పడింది. అయినా మీ 26 ఆవుల విషయంలో నా ఓటు మీ పొరుగు రైతుకే. ఆబోతును దాని అందాన్ని బట్టి కాక, ఆవుల్లో ఇప్పటికే ఏముంది, ఏది కొరవడింది, పుట్టే దూడ ఎక్కడికి పోతుంది అన్న మూడు విషయాలను బట్టి ఎంచుకోవాలి. మీ ఆవుల రక్తంలో సగం మూపురపు జాతిదే. ఎండకు ఓర్చడం, పేలు, పిడుదులను తట్టుకోవడం, పదేళ్లు దాటినా ఈనుతూ ఉండడం వంటి మేలు గుణాలు వాటికి ఇప్పటికే ఉన్నాయి.

వాటి మీద మళ్లీ బ్రాహ్మన్ ఆబోతును దాటిస్తే పుట్టే దూడలో బ్రాహ్మన్ రక్తం నాలుగింట మూడు వంతులవుతుంది. అటువంటి పెయ్యలు ఆలస్యంగా ఎదకు వస్తాయి. కోడెదూడల మాంసం సగటున కొంత గట్టిగా ఉంటుందన్న కారణంతో వేలంలో కొనుగోలుదారులు చెవి పొడవు, మూపురం, వేలాడే గంగడోలు చూసి పౌనుకు ఇన్ని సెంట్లని ధర కోస్తారు. మెక్సికో సింధుశాఖ (గల్ఫ్) తీరంలో నిలదొక్కుకున్న సాంటా గెర్ట్రూడిస్, బ్రాంగస్ (బ్రాహ్మన్, ఆంగస్‌ల కలయిక) అనే రెండు మిశ్రమ జాతుల్లోనూ బ్రాహ్మన్ రక్తాన్ని ఎనిమిదింట మూడు వంతులకే ఆపారు. టెక్సాస్ ఎండ తెలియనివాళ్లు చేసిన లెక్క కాదది.

అంతకన్నా పెద్ద నష్టం సంకర తేజంలో, అంటే వేర్వేరు జాతుల కలయికతో పుట్టిన పశువు తల్లిదండ్రుల సగటును మించి రాణించే గుణంలో ఉంది. దూడకు తండ్రి నుంచి, తల్లి నుంచి వచ్చే జన్యువులు వేర్వేరు జాతులవైనప్పుడే సంకర తేజం పూర్తిగా పని చేస్తుంది. మీ ఆవు తన దూడకు సగం బ్రాహ్మన్, సగం హెర్‌ఫర్డ్ జన్యువులను ఇస్తుంది. కాబట్టి ఆబోతు ఈ రెండు జాతుల్లో ఏదైనా సరే, సగం జన్యువుల దగ్గర రెండు వైపులా ఒకే జాతి కలిసి దూడలో ఆ తేజం సగానికి పడిపోతుంది. మూడో జాతి ఆబోతు అయితే అది నిండుగా నిలుస్తుంది. నెబ్రాస్కాలోని క్లే సెంటర్‌లో ఉన్న మాంసపు పశువుల పరిశోధన కేంద్రం బ్రిటిష్ జాతులతో చేసిన ప్రయోగాల్లో, శుద్ధ జాతి మందతో పోలిస్తే, సంకర ఆవులకు మరో జాతి ఆబోతుతో దూడలను పుట్టించిన మందలో ఆబోతుకు విడిచిన ఒక్కో ఆవుకు దక్కిన దూడ బరువు దాదాపు 23 శాతం పెరిగింది. అందులో సగానికి పైగా మేలు తల్లి సంకరం కావడం వల్ల వచ్చిందే. ఆ తల్లులు మీ దగ్గర ఉన్నాయి కనుక, మిగతా భాగాన్ని చేజార్చుకోకండి.

ఇక మూడో జాతి ఏదన్న ప్రశ్న. దూడలన్నీ అమ్మేసే ఉద్దేశమే ఉంటే షరోలే ఆబోతును కూడా సూచించేవాణ్ణి. దూడలు బరువెక్కుతాయి, ధర బాగా పలుకుతుంది. అయితే దాని పెయ్యలను ఉంచుకుంటే ఒళ్లు పెద్దదై మేత ఎక్కువ తినే ఆవులు తయారవుతాయి. పెయ్యలను నిలుపుకోవాలన్న మీ ఆలోచనకు ఆంగస్ సరిపోతుంది. తొందరగా ఎదకు రావడం, మాంసంలో సన్నని కొవ్వు చారలు, నల్లని దూడలకు మార్కెట్లో ఉన్న గిరాకీ అన్నీ కలిసివస్తాయి. ఆంగస్‌కు పుట్టుకతోనే కొమ్ములుండవు కనుక మీ ఆవులకు కొమ్ములున్నా దూడలకు దాదాపు రావు. కొన్ని కోడెదూడలకు మాత్రం వదులుగా కదిలే చిన్న మొటికలు మొలవవచ్చు.

ఒక హెచ్చరిక ఉంది. ఉత్తరాది చలి రాష్ట్రాల్లో పెరిగిన ఆంగస్‌ను కేటలాగులో చూసి తెప్పించకండి. ఆబోతులో వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. వేసవి వేడికి వృషణాలు దెబ్బతింటే దాని ఫలితం వెంటనే కాక, తరువాతి వారాల్లో ఆవులు తిరిగి తిరిగి ఎదకు రావడంలో బయటపడుతుంది. మీ చుట్టుపక్కల జిల్లాల్లోనే పుట్టి, ఒక వేసవి గడిపి, వసంతం రాగానే వెంట్రుకలు రాల్చి నున్నగా తేలే ఆబోతును వెతకండి. అటువంటిది దొరకకపోతే బ్రాంగస్ ఆబోతు మంచి ప్రత్యామ్నాయం. దాని దూడల్లో బ్రాహ్మన్ రక్తం పదహారింట ఏడు వంతులవుతుంది, అంటే తల్లి కంటే కొంచెం తక్కువే.

మీ 5 హెర్‌ఫర్డ్ పెయ్యల సంగతి వేరు. బ్రాహ్మన్ ఆబోతు నిజంగా అక్కరకు వచ్చేది అటువంటి ఆవుల దగ్గరే, ఎందుకంటే ఆ కలయికతోనే మీ చారల ఆవులవంటివి పుడతాయి, గల్ఫ్ తీరంలో అటువంటి పెయ్యలకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. కానీ తొలిచూలులో మాత్రం ఆ పని చేయకండి. బ్రాహ్మన్ తండ్రి, హెర్‌ఫర్డ్ వంటి మూపురం లేని జాతి తల్లి అయినప్పుడు చూలు 290 రోజుల దాకా సాగి, దూడ కడుపులోనే బాగా పెరిగి, ఈనడం కష్టమవుతుంది. తల్లి బ్రాహ్మన్, తండ్రి మూపురం లేని జాతి అయితే ఈ బెడద ఉండదు, ఆ తల్లి దూడ పెరుగుదలను అదుపులో ఉంచుతుంది. కాబట్టి ఈ ఏడాది వాటికి కూడా సులభంగా ఈనే గుణమున్న ఆంగస్‌నే వాడి, రెండో ఈత నుంచి బ్రాహ్మన్ వీర్యంతో కృత్రిమ గర్భధారణ చేయించండి. అయిదు ఆవుల కోసం ఇంకో ఆబోతును మేపనక్కరలేదు, నాన్నగారి ముచ్చటా తీరుతుంది.

ఆబోతును చూడడానికి వెళ్లినప్పుడు అమ్మేవారు ఇచ్చే కాగితంలో ఈపీడీ అంకెలు ఉంటాయి. అవి ఆ ఆబోతు దూడలు ఎలా ఉంటాయో చెప్పే అంచనాలు. పుట్టుక బరువు కింద ఒకదానికి 1, మరొకదానికి 4 అని ఉంటే రెండో దాని దూడలు సగటున 3 పౌన్లు ఎక్కువ తూగుతాయని అర్థం. ఒకే జాతి ఆబోతుల మధ్యనే ఇలా పోల్చాలి; ఆంగస్ అంకెను షరోలే అంకెతో నేరుగా పోల్చకూడదు. ఈనడంలో సులువును తెలిపే అంకెలో పుట్టుక బరువు ఇప్పటికే కలిసి ఉంటుంది, కనుక పెయ్యల కోసమైతే ఆ ఒక్కదాన్నే నమ్ముకోండి. రెండింటినీ పట్టుకుంటే దూడలు అనవసరంగా చిన్నవవుతాయి. పాల అంకె, అంటే దాని పెయ్యలు ఇవ్వబోయే పాల అంచనా, మరీ ఎక్కువగా ఉన్న ఆబోతు కూడా మీకు వద్దు. ఎండాకాలం పచ్చిక మీద బతకాల్సిన ఆవుకు అధిక పాలు భారమే, ఒళ్లు తగ్గి మరుసటి ఏడు చూలు నిలవదు.

అంకెలు ఎంత బాగున్నా పశువైద్యుని పరీక్ష లేకుండా డబ్బు చెల్లించకండి. మీది ఒకే ఆబోతు మంద. అది గొడ్డుదైతే ఏడాది పంట మొత్తం పోయినట్టే. ఆవుల్లోకి వదలడానికి 30 నుంచి 60 రోజుల ముందు చేసే ఈ పరీక్షలో వృషణాల చుట్టుకొలత 15 నెలల లోపు కోడెకు కనీసం 30 సెంటీమీటర్లు, రెండేళ్లు దాటిన దానికి 34 సెంటీమీటర్లు ఉండాలి. వీర్యకణాల్లో 30 శాతమైనా చురుకుగా కదలాలి, 70 శాతం సరైన ఆకారంలో ఉండాలి. చుట్టుకొలత పెద్దదైన ఆబోతు పెయ్యలు కూడా తొందరగా ఎదకు వస్తాయి. ఈ పరీక్ష చెప్పనిది ఒకటుంది, అది ఆబోతు కోరిక. వదిలిన మొదటి వారాల్లో మీరే పొలంలో నిలబడి చూడాలి, దాటిన ఆవులు మూడు వారాలకు మళ్లీ ఎదకు వస్తున్నాయేమో రాసుకోవాలి. వెనక కాళ్లు కర్రల్లా నిటారుగా ఉన్నదాన్ని, పొట్ట కింద చర్మం మరీ వేలాడేదాన్ని, మనిషిని చూస్తే కంచె మీదకు దూకేదాన్ని తిరస్కరించండి. వేలం కోసం దాణాతో నున్నగా బలిపించిన కోడెలు పచ్చిక మీదకు రాగానే చిక్కిపోతాయి, నాకైతే కాస్త పక్కలు కనబడే కోడెల మీదే నమ్మకం ఎక్కువ. రెండేళ్లు దాటిన ఆబోతు మీ 31 పశువులకు ఇంచుమించు సరిపోతుంది. ఏడాది వయసు కోడెకు 15 మించి అప్పగించకూడదు.

మీరు ఉంచుకునే పెయ్యలు 14, 15 నెలలకు ఎదకు వచ్చేసరికి తండ్రి ఇంకా మందలోనే ఉంటుంది. అప్పటికి వాటిని వేరు చేయడమో, ఆబోతును మార్చడమో తప్పదు. ఆ పెయ్యల్లో బ్రాహ్మన్ రక్తం నాలుగో వంతుకు తగ్గి ఉంటుంది కనుక రెండో ఆబోతుగా బ్రాంగస్‌ను తెస్తే మూపురపు రక్తం మరీ పలచబడకుండా నిలుస్తుంది.

ప్రశ్న: ఓక్లహోమాలో మాకు 12 సంకర ఆవులున్నాయి. పక్క రైతు తన ఏడేళ్ల ఆబోతును రెండు నెలలకు అతి తక్కువ అద్దెకు ఇస్తానంటున్నాడు. దాని దూడలు బాగున్నాయి. పరీక్షలు అవసరమా?

జవాబు: ఈ ఆబోతుకు మరీ అవసరం. ట్రైకోమోనియాసిస్ అనే సుఖవ్యాధి సూక్ష్మజీవి ఆబోతు మర్మాంగపు పొర ముడతల్లో దాగి ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ ఆ ముడతలు లోతవుతాయి కాబట్టి ముసలి ఆబోతు జీవితాంతం దాన్ని మోస్తుంది. పైకి ఏ లక్షణమూ కనబడదు, కోరికా తగ్గదు. ఆవులు చూలు కట్టి, తొలి నెలల్లోనే రైతుకు తెలియకుండా ఈసుకుపోయి (గర్భం జారి), మళ్లీ ఎదకు వస్తాయి. ఆబోతుకు చట్టబద్ధమైన మందు ఈ దేశంలో లేదు, రోగం తేలితే కబేళాకు పంపవలసిందే. టెక్సాస్‌లో సంతానం కోసం ఆబోతు చేతులు మారాలంటే పరీక్షలో రోగం లేదని తేలాలి, లేదా అది ఇంకా ఆవును దాటని కోడె అన్న ధ్రువపత్రం ఉండాలి. మీ రాష్ట్రపు నిబంధనలను స్థానిక పశువైద్యుణ్ణి అడగండి. చట్టం ఏం చెప్పినా మీ సొంత ఖర్చుతో ఆ పొర నుంచి నమూనా తీయించి పీసీఆర్ పరీక్ష చేయించి, ఫలితం చేతికి వచ్చాకే గేటు తీయండి. ఆ రైతు మందలో గత ఏడాది ఎన్ని ఆవులు వట్టిపోయాయో, ఈతలు ఎన్ని నెలల పాటు సాగాయో కూడా అడగండి. ఈతలు నెలల తరబడి చెల్లాచెదురుగా ఉంటే, దూడలు ఎంత ముద్దుగా ఉన్నా ఆ అద్దె మాట వదులుకోండి. పన్నెండు ఆవులకు కృత్రిమ గర్భధారణ చేయించడం అంత భారమేమీ కాదు.